మా అమ్మాయి సిలియేట్ల మీద రీసెర్చ్ అంటోంది, ఏం చెయ్యమంటారు?

బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక తల్లి అడిగారు: "మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ మూడో సంవత్సరం, సిలియేట్లకి డీఎన్ఏ చూసి మళ్ళీ వర్గీకరించే పని చేస్తానంటోంది, దాంతో బతుకు గడుస్తుందా, డేటా సైన్స్ లో చేర్పించమంటారా?"

అమ్మా, చెయ్యనివ్వండి, కాకపోతే ఒక షరతు పెట్టండి, అదేంటో చెప్తాను.

సిలియేట్ అంటే ఒకే కణం, ఒంటినిండా సన్నటి వెంట్రుకల్లాంటివి, స్కూల్లో చెప్పు ఆకారం అని బొమ్మ గీయించే పారమీషియం కూడా వీటిలోదే. ఎన్నో ఏళ్ళు ఆ వెంట్రుకల వరసలు చూసి, అవి బాగా కనబడేలా వెండి స్టెయిన్ (రంగు) వేసి మరీ చూసి, ఏది ఏ గుంపుదో తేల్చేవాళ్ళు. తర్వాత 18ఎస్ అనే జీన్, దాదాపు 1,700 డీఎన్ఏ అక్షరాలు ఉంటుంది, దాన్ని చదివి చుట్టరికాలు చూసేసరికి కొన్ని చోట్ల పాత లెక్కలు కుదర్లేదు. హాల్టీరియా అని చెరువు నీళ్ళలో టక్కున గెంతే బుల్లిది ఉంది, ఆకారం చూసి దాన్ని ఒలిగోట్రిక్ లు అనే సిలియేట్ల గుంపుతో కలిపారు, జీన్ చూస్తే ఆక్సిట్రైకా అనే ఇంకో సిలియేట్ వాళ్ళ వైపు వెళ్ళింది, దీని మీద పెద్ద వాదనే నడిచింది, నాకైతే ఇలాంటి చోటే ఈ సబ్జెక్ట్ బాగా నచ్చుతుంది.

షరతు ఏంటంటే, కంప్యూటర్ పని, మైక్రోస్కోప్ పని రెండూ నేర్చుకోవాలి. కంప్యూటర్లో ట్రీ, అంటే జీవుల చుట్టరికాల వంశవృక్షం, కట్టడం ఒక్కటే వస్తే చాలదు, జెన్‌బ్యాంక్ అనే డీఎన్ఏ డేటాబేస్ లో పేరు తప్పుగా పెట్టిన సీక్వెన్సులు కూడా ఉంటాయి, అది కనిపెట్టాలంటే మైక్రోస్కోప్ కింద జీవిని గుర్తుపట్టే కన్ను కావాలి. మైక్రోస్కోప్ ఒక్కటే వచ్చినా ఇప్పుడు పేపర్ నిలబడటం కష్టం.

ఉద్యోగం సంగతి, "సిలియేట్ నిపుణులు కావలెను" అని ప్రకటన మీకు దాదాపు కనబడదు, దాపరికం లేకుండా చెప్తున్నాను. కానీ పీసీఆర్ (డీఎన్ఏకి కాపీలు తీసే పద్ధతి), సీక్వెన్స్ అలైన్‌మెంట్, అంటే డీఎన్ఏలు పక్కపక్కన పెట్టి పోల్చడం, ట్రీ కట్టే ఐక్యూ-ట్రీ సాఫ్ట్‌వేర్, ఆర్, కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్, ఇవి చేతిలో ఉంటే జీనోమిక్స్ ల్యాబుల వైపు వెళ్ళొచ్చు, కోవిడ్ వేరియంట్ల చుట్టరికాలు తేల్చింది కూడా ఇలాంటి ట్రీలతోనే కదా. అందుకే డేటా సైన్స్ కోసం దీన్ని వదిలెయ్యక్కర్లేదు, డేటా పని ఇందులోనే ఉంది.

మీ బెంగళూరులోనే ఐఐఎస్సీ, జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ ఉన్నాయి. ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి జామ్ అనే ఎంట్రన్స్ రాయాలి, ఎన్‌సీబీఎస్ కి జేజీఈఈబిల్స్ అనే ఎంట్రన్స్. అక్కడ సరిగ్గా సిలియేట్లే దొరుకుతాయని అనుకోవద్దు, దగ్గర సబ్జెక్ట్ పట్టుకోవచ్చు. సిలియేట్లే కావాలంటే ఢిల్లీ యూనివర్సిటీ జువాలజీలో ఆ పని జరిగింది, అటూ కనుక్కోమనండి. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకి 37,000, పైన హెచ్‌ఆర్‌ఏ, అంటే పీహెచ్‌డీ చేసేటప్పుడు మీ మీద పెద్దగా భారం పడదు.

ఫీజులు కట్టే ముందు ఈ సెలవుల్లో ఒకటి చెయ్యమనండి, దగ్గర్లో చెరువు నీళ్ళు ఒక సీసాలో తెచ్చి, నాలుగు బియ్యం గింజలు వేసి, వారం రోజులు రోజూ కాలేజీ మైక్రోస్కోప్ లో చూసి బొమ్మలు గీసుకోవాలి. ఏడో రోజు కూడా అడక్కుండా వెళ్ళి చూస్తుంటే ల్యాబులకి మెయిల్స్ పెట్టడం మొదలుపెట్టమనండి, ఆ బొమ్మలే జత చేసి పంపొచ్చు.