అమెరికాలో కాలేజీ రోయింగ్ కోచ్ కావాలంటే ఎలా?

కోచ్‌లలో ఎక్కువమంది ఒకప్పుడు తెడ్డు వేసినవాళ్లో, కాక్స్‌గా (పడవ దిశ చూసుకుంటూ రోవర్లకు ఆదేశాలిచ్చే వ్యక్తిగా) కూర్చున్నవాళ్లో. చదువయ్యాక అసిస్టెంట్‌గా మొదలుపెడతారు. నేరుగా హెడ్ కోచ్ పోస్టు దొరకడం అరుదు. మహిళల జట్లవైపు చూడటం మంచిది. వాళ్ల చాంపియన్‌షిప్ 1997 నుంచి అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ కింద ఉంది, పురుషులది లేదు.

అసిస్టెంట్ పనిలో పెద్ద భాగం రిక్రూటింగే. హైస్కూల్ పిల్లల 2,000 మీటర్ల ఎర్గోమీటర్ (ఎర్గ్, అంటే రోయింగ్ యంత్రం) టైములు చూడాలి. అయితే ఎర్గ్ మీద అదరగొట్టినవాళ్లందరూ నీళ్లలో పడవను కదిలించలేరు.

మిగతాది తెల్లవారుజామున లాంచ్ (కోచ్ వెంట వెళ్లే మోటారు పడవ) నడపడం, పడవల ట్రైలర్ లాగడం, రిగ్గింగ్, అంటే పడవకున్న తెడ్ల అమరికను సరిచేయడం. తెడ్డును పట్టి ఉంచే ఓర్‌లాక్ సాధారణంగా సీటు కన్నా 15-18 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటుంది. మరీ కిందికుంటే తెడ్డును వెనక్కి తెచ్చేటప్పుడు బ్లేడు నీళ్లకు తగిలి పడవ ఊగుతుంది. రోవర్‌ని తిట్టేముందు టేపుతో కొలవండి.