ఇంట్లో కంప్యూటర్‌కి ఏ ఫ్రీ యాంటీవైరస్ వేసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ: ఇంట్లో పాత విండోస్ 10 ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. నాన్నగారు బ్యాంకు పనులకి, చెల్లెలు చదువుకి వాడతారు. ఈమధ్య బాగా నెమ్మదించింది, షాపులో చూపిస్తే వైరస్ పట్టింది, ఏడాదికి డబ్బు కట్టి యాంటీవైరస్ వేయించుకోండి అన్నారు. ఫ్రీగా దొరికేవాటిలో ఏది మంచిదని అడిగారు.

కొత్తగా ఏదీ వేయకండి. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ మీకు సరిపోతుంది.

మా బంధువుల ఇళ్లలో ఎవరి కంప్యూటర్‌కి ఏమొచ్చినా ఫోన్ నాకే వస్తుంది, విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచీ ఇదే పని. అప్పట్లో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో డెస్క్‌టాప్ అసెంబుల్ చేయిస్తే దాంతో పాటు ఓ యాంటీవైరస్ డబ్బా కూడా కొనుక్కుని రావడం మామూలే, అది అవసరం కూడా. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి యాంటీవైరస్ విండోస్‌లోనే భాగమైపోయింది. మొదట్లో డిఫెండర్‌కి పరీక్షల్లో మంచి మార్కులు వచ్చేవి కావు, ఆ చెడ్డపేరే చాలామంది మనసులో ఇంకా ఉండిపోయింది. కానీ కొన్నేళ్లుగా యాంటీవైరస్‌లని పరీక్షించే జర్మనీ సంస్థ ఏవీ-టెస్ట్ పరీక్షల్లో అది డబ్బు కట్టేవాటితో సమానంగా నిలబడుతోంది, చాలాసార్లు 18కి 18 తెచ్చుకుంది.

మిగతా ఫ్రీవి ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్తాను. అవాస్ట్ సంగతే తీసుకోండి. తన యాంటీవైరస్ వాడేవాళ్లు ఏ సైట్లు చూస్తున్నారో ఆ వివరాలన్నీ జంప్‌షాట్ అనే తన అనుబంధ కంపెనీ ద్వారా అమ్ముకుంది. అది బయటపడ్డాక 2020లో జంప్‌షాట్‌ని మూసేశారు, 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోటీ 65 లక్షల డాలర్లు కట్టమంది. మనల్ని కాపాడాల్సిన సాఫ్ట్‌వేరే మనం చూసేవి అమ్మేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పైగా అవాస్ట్, ఏవీజీ, అవీరా, నార్టన్ ఇప్పుడు నాలుగూ ఒకే కంపెనీవి, జెన్ డిజిటల్ అని, కాబట్టి ఒకటి తీసేసి ఇంకొకటి వేసుకున్నా మీరు వెళ్లేది అదే గూటికి. డిఫెండర్ కాక వేరేది కావాలనే పట్టుదల ఉంటే బిట్‌డిఫెండర్ ఫ్రీ వేసుకోండి, గోల తక్కువ. రెండు యాంటీవైరస్‌లు మాత్రం కలిపి ఉంచొద్దు. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువైపోయి ఇంకా అలాగే పడి ఉందేమో చూసి దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి, చాలా ఇళ్లలో నేను చేసే మొదటి పని అదే, ఎందుకంటే అది అడ్డం ఉంటే డిఫెండర్ పక్కకి తప్పుకుని ఉండొచ్చు.

ఇక వైరస్ ఉందన్నారు కదా, ముందు అది నిజమో కాదో తేల్చుకోండి. స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని కొట్టి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్తే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ కనిపిస్తుంది. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా తెరుచుకోకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి కూడా దొరుకుతాయి, పావుగంట పని. ఆ తర్వాత మాల్‌వేర్‌బైట్స్ ఫ్రీ అనే ఇంకో స్కానర్ దింపుకుని దాంతో ఒకసారి స్కాన్ చేయండి. ముందు ట్రయల్ అంటుంది, ఆ రోజులు గడిచాక మామూలు స్కానర్‌గా మిగులుతుంది, కార్డు వివరాలేవీ ఇవ్వక్కర్లేదు. మన ప్రభుత్వం నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో కూడా ఉచిత క్లీనింగ్ టూల్స్ ఉన్నాయి.

విండోస్ సెక్యూరిటీలోనే ఇంకో రెండు పనులు. టాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉండాలి, అది ఉంటే వేరే ప్రోగ్రామ్ చాటుగా డిఫెండర్‌ని ఆపలేదు. రాన్సమ్‌వేర్ అంటే మన ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్, ఆ రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఉంటుంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేయండి. డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలో ముక్కూమొహం తెలియని ప్రోగ్రామ్ చెయ్యి పెట్టకుండా ఆపుతుంది. ఒక్కోసారి మంచి ప్రోగ్రామ్‌ని కూడా అడ్డుకుని ఫైల్ సేవ్ కానివ్వదు, అప్పుడు విసుగొచ్చి మొత్తం ఆపేయకుండా ఆ ఒక్క ప్రోగ్రామ్‌కి అనుమతి ఇవ్వండి.

నేను చూసిన కేసుల్లో ఎక్కువ శాతం ఇంట్లోవాళ్లు చేతులారా లోపలికి తెచ్చుకున్నవే. మన ఊళ్లలో మరీ ఎక్కువ పెన్‌డ్రైవ్‌తో వస్తుంది. హాల్‌టికెట్ ప్రింట్ కోసమో ఆధార్ కాపీ కోసమో జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ పెట్టించి ఇంటికి తెస్తే, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయి ఉంటాయి, ఐకాన్ మూలన చిన్న బాణం గుర్తు కనిపిస్తుంది. దాని మీద నొక్కితే ఫోల్డర్ తెరుచుకుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, కానీ ఆ నొక్కుతోనే ఓ స్క్రిప్ట్ కంప్యూటర్‌లోకి ఎక్కేస్తుంది. కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి, మీ ఫైళ్లు ఎక్కడికీ పోవు, దాచి ఉంటాయంతే. వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితే కనిపిస్తాయి. అప్పటికీ రాకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో సిస్టమ్ ఫైళ్లు దాచమనే టిక్ కూడా తీయండి. పెన్‌డ్రైవ్‌ని స్కాన్ చేసి, ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రమే కాపీ చేసుకుని, ఆ తర్వాత ఫార్మాట్ చేయండి. అసలు ప్రింట్‌కి పీడీఎఫ్ మెయిల్‌లో పంపేస్తే ఈ గొడవే ఉండదు.

రెండోది క్రాక్‌లు, అంటే డబ్బు కట్టాల్సిన సాఫ్ట్‌వేర్‌ని ఊరికే వాడుకునేలా చేసే దొంగ కాపీలు. చెల్లెలికి గట్టిగా చెప్పండి, ఫోటోషాప్ క్రాక్ అనీ ఆఫీస్ యాక్టివేటర్ అనీ వీడియోల కింద లింకులు ఉంటాయి, ముందు యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమని వాళ్లే రాస్తారు. అలా వచ్చే దొంగ ప్రోగ్రామ్ బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లనే కాదు, మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్లు గుర్తుపట్టే కుకీలను కూడా పట్టుకుపోతుంది, అంటే ఓటీపీ అడగకుండానే మీ మెయిల్‌లోకి దూరొచ్చు. నాన్నగారి బ్యాంకు ఉన్న కంప్యూటర్‌లో ఇది అసలు కుదరదు. ఆఫీస్ బదులు లిబ్రె ఆఫీస్ ఉచితం, తెలుగులో ప్రాజెక్టు రాయాలంటే మండలి, రామభద్ర, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి. చెల్లెలికి వేరే స్టాండర్డ్ అకౌంట్ తెరిచి ఇవ్వండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరుంచుకోండి.

ఇంకొకటి, పెద్దవాళ్లని బాగా టెన్షన్ పెట్టేది. మా మేనత్త గారింట్లో స్క్రీన్ కింద మూలన మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయంటూ ఎర్రటి హెచ్చరికలు వరసగా వచ్చేవి. అవి వైరస్‌లు కావు, ఎప్పుడో ఏదో సైట్ అడిగినప్పుడు అలవ్ నొక్కితే వస్తున్న బ్రౌజర్ నోటిఫికేషన్లు. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి ఆ సైట్లు తీసేస్తే ఆగిపోయాయి. అలాంటిదాంట్లో ఫోన్ నంబర్ కనిపిస్తే నాన్నగారు చచ్చినా ఫోన్ చేయకూడదు, అవతలివాళ్లు మన కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపే ఎనీడెస్క్ లాంటిది వేసుకోమంటే వెంటనే కట్ చేయాలి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్.

మీ విషయంలో నాకు ఎక్కువ బెంగ విండోస్ 10 గురించే. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు సపోర్ట్ అయిపోయింది. డిఫెండర్‌కి వైరస్ జాబితాలు 2028 అక్టోబరు వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది, కానీ విండోస్‌లోనే బయటపడే కంతలు పూడ్చేది ఆ జాబితా కాదు. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు దాన్ని అడ్డుకునే అప్‌డేట్ మార్చిలోనే వచ్చేసింది, వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని అందులో చిక్కాయి. కాబట్టి విండోస్ 11కి మీ ల్యాప్‌టాప్ పనికొస్తే మారిపోండి. పనికిరాకపోతే విండోస్ అప్‌డేట్‌లో ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌కి, అంటే గడువు తర్వాత కూడా భద్రతా అప్‌డేట్లు అందించే పథకానికి, నమోదు చేసుకోండి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ పెడితే డబ్బు కట్టకుండానే 2026 అక్టోబరు వరకు వస్తాయి. ఆ తర్వాత విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసి చూడండి, బ్రౌజర్‌లో బ్యాంకు పనికీ చదువుకీ సరిపోతుంది.

నెమ్మదించడం వైరస్ వల్లేనని నేను అనుకోవడం లేదు. స్కాన్‌లో ఏమీ దొరక్కపోతే టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ అని ఉన్న కాలమ్ చూడండి, ఏమీ చేయకుండానే 100 శాతం దగ్గర కొట్టుకుంటూ, లోపల పాత హార్డ్ డిస్క్ ఉంటే, షాపువాళ్లు అడిగిన యాంటీవైరస్ డబ్బుకి ఇంకొంత కలిపి దాని బదులు 256 జీబీ ఎస్ఎస్‌డీ, అంటే వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్, వేయించండి.