బంగాళాదుంప ఎప్పుడు నాటాలి? నెల కాదు, రాత్రి చలి చూడండి

ప్రశ్న: ఇంటి వెనక కూరగాయల తోటలో రెండు మడుల్లో బంగాళాదుంప వేశాను. వానలు ఆగిన వారానికే, నేలలో తడి ఉంది కదా అని నాటేశాను. కూరకు తెచ్చిన దుంపలనే ముక్కలు కోసి అదే రోజు పెట్టాను. సగం ముక్కలు మొలవకుండానే కుళ్లిపోయాయి. మిగిలినవి మోకాలి ఎత్తుకు పెరిగాయి. చూసినవాళ్లంతా పంట అదిరింది అన్నారు. తీరా 90 రోజులకు తవ్వితే గోళీకాయలంత దుంపలు, అవీ మొక్కకు నాలుగైదే. పక్క తోట ఆయన నాకంటే నెల ఆలస్యంగా నాటి మంచి దుంప తీశాడు. అంటే ఆలస్యంగా వేస్తేనే మంచిదా? ఏ నెల, ఏ తేదీన నాటాలో ఖచ్చితంగా చెప్పగలరు.
– ఒక రైతు

జవాబు: తేదీ చెప్పడం నాకు ఒక్క నిమిషం పని. కానీ ఒక ఊరికి సరిపోయిన తేదీ ఇంకో ఊరికి సరిపోదు, ఒక ఏడు సరిపోయింది మరుసటి ఏడు సరిపోదు. అందుకే మీ తేదీని మీరే తేల్చుకునే లెక్క చెబుతాను. మీ పక్క తోట ఆయనకు కలిసొచ్చింది ఆలస్యం కాదు. ఆయన మొక్కలకు దుంప పడే రోజుల్లో రాత్రులు చల్లబడ్డాయి, మీ మొక్కలకు అప్పటికింకా వేడి తగ్గలేదు. తేడా అంతే.

మనం తినే బంగాళాదుంప వేరు కాదు, కాండమే. మొక్క మొదలు నుంచి మట్టిలోకి తెల్లటి సన్నని కాడలు వెళ్తాయి. వాటి కొసలు ఉబ్బితేనే దుంప. ఆ ఉబ్బడం మొదలవ్వాలంటే రాత్రి చల్లగా ఉండాలి. 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే బాగా పడతాయి. 22 దాటిన కొద్దీ దుంప పడటం తగ్గిపోతుంది. నేల వేడి 30 డిగ్రీలకు చేరితే పడిన దుంప కూడా దాదాపు ఊరడం మానేస్తుంది. ఆకు పగలంతా తయారుచేసిన ఆహారాన్ని వేడి రాత్రుల్లో మొక్క తన శ్వాసకే ఖర్చు పెట్టేసుకుంటుంది. పగటి సంపాదన రాత్రి ఖర్చుకే చాలకపోతే కింద దాచడానికి ఏం మిగులుతుంది? పైపెచ్చు అదే వేడిలో కొమ్మ, ఆకు మాత్రం ఏపుగా వస్తాయి. మీ మడులు చూసి జనం మెచ్చుకున్నది ఆ ఆకునే. మీరు రాయలేదు కానీ, ఆ పచ్చదనం చూసి మురిసి మధ్యలో ఇంకో పిడికెడు యూరియా వేసి ఉంటే నష్టం రెట్టింపు. యూరియాలోని నత్రజని ఎక్కువైనా మొక్క ఆకు మీదే మనసు పెడుతుంది.

ఇక లెక్క. మామూలుగా నాటిన 30 నుంచి 45 రోజుల మధ్య దుంప పడటం మొదలవుతుంది. అందుకని ముందు నాటే రోజు గురించి ఆలోచించకండి. మీ దగ్గర రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు దిగి, ఇక అక్కడే నిలబడే వారం ఏదో చూడండి. ఒకటి రెండు రాత్రులు చల్లగా ఉంటే చాలదు. గత రెండు మూడేళ్ల వాతావరణ వివరాలు ఫోన్లోనే దొరుకుతాయి. ఆ వారం నుంచి మూడు నాలుగు వారాలు వెనక్కి వస్తే అది మీరు నాటగల మొదటి రోజు. అయితే ఇంకో షరతు ఉంది. నాటేనాటికి పగటి వేడి 30–32 డిగ్రీలకు మించకూడదు, మించితే విత్తనం మట్టిలోనే ఉడికి కుళ్లుతుంది. ఈ రెండింటిలో ఏది తర్వాత వస్తే దాన్నే పట్టుకోండి.

అవతలి గట్టు కూడా చూసుకోవాలి. వేడి రాత్రులు మళ్లీ మొదలయ్యే వారం నుంచి మీ రకం పంటకాలాన్ని వెనక్కి లెక్కపెట్టండి. త్వరగా వచ్చే రకాలకు 75 నుంచి 90 రోజులు, మధ్యకాలపు రకాలకు 100 రోజుల దాకా, ఆలస్యపు రకాలకు 120 పైన పడుతుంది. ఉదాహరణకు మీ చల్లని కాలం 80 రోజులే అనుకుందాం. దానికి 20 రోజుల ముందు నాటితే చేతిలో 100 రోజులు ఉంటాయి, 90 రోజుల రకం హాయిగా సరిపోతుంది. అదే చల్లని కాలం మొదలైన నెలకు నాటితే మిగిలేది 50 రోజులు. అందులో సగానికి పైగా మొలకెత్తి ఆకు వేయడానికే పోతాయి. దుంప పడ్డాక రోజూ కొంత చొప్పున బరువెక్కుతుంది కాబట్టి చివరి మూడు వారాలు పోగొట్టుకుంటే బరువులో పెద్ద వాటా పోయినట్టే. మీ పక్క తోట ఆయన ఇంకో నెల ఆగి ఉంటే ఆయనా నాకు ఉత్తరం రాసేవాడు.

గడ్డకట్టే మంచు పడే చలి ప్రాంతాల వాళ్లకు లెక్క తిరగబడుతుంది. వాళ్లకు అడ్డం వేడి కాదు, నేల చలి. 10 సెంటీమీటర్ల లోతున మట్టి 7–8 డిగ్రీలకు తక్కువగా ఉన్నంతకాలం మొలక కదలదు, తడి తోడైతే కుళ్లుతుంది. అది దాటాక, చివరి మంచు పడే అవకాశం ఉన్న రోజుకు రెండు మూడు వారాల ముందు నాటుకోవచ్చు. మొలక పైకి వచ్చేసరికి మంచు గండం గడుస్తుంది. అనుకోకుండా మంచు వస్తే లేత మొలకల మీదికి మట్టి ఎగదోస్తే చాలు.

మట్టి వేడి చూడటానికి పొడుగు కడ్డీ ఉన్న థర్మామీటర్ తీసుకోండి. వరుసగా నాలుగైదు రోజులు ఉదయం పూట గుచ్చి చూడాలి. జ్వరం చూసేది మాత్రం గుచ్చకండి, అది 35 డిగ్రీల దగ్గర మొదలవుతుంది (ఈ పని చేసినవాళ్లు ఉన్నారు కాబట్టే చెబుతున్నాను). పదును, అంటే నేలలో సరిపడా తడి ఉందా లేదా చూడటానికి పరికరం అక్కర్లేదు. పిడికిట్లో మట్టి నొక్కితే ముద్ద అవ్వాలి, వేలితో తడితే విడిపోవాలి. వేళ్లకు జిగటగా అంటుకుంటే ఇంకా ఆగండి. మీరు వానలు ఆగిన వారానికే నాటారు. వేడి నేల, నిండు తడి, పైగా అప్పుడే కోసిన పచ్చి ముక్క, మూడూ కలిస్తే కుళ్లకుండా ఎలా ఉంటుంది?

ముక్క కోశాక రెండు మూడు రోజులు గాలి ఆడే నీడలో పరిస్తే కోసిన చోట బెండులాంటి పొర కడుతుంది, కుళ్లు తెచ్చే క్రిములకు తలుపు మూసినట్టవుతుంది. ప్రతి ముక్కకు రెండు మూడు కళ్లు (మొలక వచ్చే చిన్న గుంటలు), కనీసం 30–40 గ్రాముల బరువు ఉండాలి. కత్తిని మధ్యమధ్యలో శుభ్రం చేస్తుండాలి, ఒక దుంపలోని రోగం అన్నింటికీ అంటించేది కత్తే. మీ లాంటి వేడి నేలలో అసలు కోయకపోవడమే నా సలహా. కోడిగుడ్డు సైజు దుంపలు ఏరి పూర్తిగా నాటండి. నాలుగు కిలోలు ఎక్కువ పడుతుందని చూసుకోకండి, సగం మడి ఖాళీ పడటం కంటే అదే చవక.

కూర దుంపలను నమ్ముకోకండి. మొలకలు రాకుండా వాటికి మందు పట్టించి ఉండవచ్చు, వైరస్ ఉన్నా బయటికి కనపడదు. మంచి విత్తన దుంప అయినా తవ్విన రెండు మూడు నెలల దాకా నిద్రలోనే ఉంటుంది, ఆ సమయంలో ఎంత మంచి తేదీన నాటినా లేవదు. అందుకే తేదీ దగ్గరపడుతుండగా, రెండు మూడు వారాల ముందే దుంపలను ఒకే వరసగా పళ్లెంలో పేర్చి, నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచండి. సెంటీమీటరు, ఒకటిన్నర పొడవున పొట్టిగా, లావుగా మొలకలు వస్తే నాటడానికి సిద్ధం. చీకట్లో పెడితే తెల్లగా సాగిపోయి చెయ్యి తగిలితే విరుగుతాయి. తల దగ్గర ఒక్కటే మొలక వస్తే దాన్ని గిల్లేయండి, మిగతా కళ్లు లేస్తాయి. తేదీ వచ్చినా మొలక రాకపోతే మొలక కోసమే ఆగండి.

పెరటి తోటకు ఉన్న సౌకర్యం ఏమిటంటే అంతా ఒకే రోజు నాటాల్సిన పని లేదు. ఒక మడి లెక్క ప్రకారం వేయండి, రెండోది 12 – 15 రోజుల తర్వాత. రెంటికీ ఒకే విత్తనం, ఒకే ఎరువు. రెండు తేదీలూ రాసిపెట్టుకుంటే మీ తోటకు ఏది నప్పుతుందో నాకంటే మీకే బాగా తెలుస్తుంది. వరసల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు వదలండి. దుంపను 7–8 సెంటీమీటర్ల లోతున నాటితే చాలు.

ముసురు పట్టి, ఆకు రోజంతా తడిగా ఉంటే ఆకుమాడు తెగులు వస్తుంది. దీన్నే లేట్ బ్లైట్ అంటారు. చల్లదనం దానికీ ఇష్టమే కాబట్టి ఆ రోజుల్లో మడిని రోజూ చూస్తుండండి.

నాటిన 45వ రోజు దాటాక ఒక మొక్క మొదట్లో మట్టిని వేళ్లతో మెల్లగా తొలగించి చూడండి. తెల్ల కాడల కొసన శనగగింజంత ఉబ్బు కనిపిస్తే మట్టి కప్పేసి, బోదె ఎగదోసి, తడి ఆరకుండా చూసుకోండి. ఏమీ లేకపోతే టెన్షన్ పడి ఎరువు వేయకండి. ముందు వారం రోజుల రాత్రి ఉష్ణోగ్రతలు రాసి, ఆకు ఫోటోతో పాటు నాకు పంపండి.