ఉష్ణభారం అనవచ్చునా?

సందేహం: బెంగళూరులో యంత్రనిర్మాణ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఇక్కడి తెలుగువారి కోసం రాస్తున్న వ్యాసానికి ‘ఉష్ణ మరియు యాంత్రిక భారాల కింద బహుపదార్థ నిర్మాణాల అనుకూలీకరణ’ అని పేరు పెట్టాను. వేడికి బరువు ఉండదు గనుక ‘ఉష్ణభారం’ తప్పని మిత్రులొకరు అన్నారు. నిజమేనా?

సమాధానం: తప్పు కాదు. దొంగ వలన భయం దొంగభయమైనట్లే, ఉష్ణం వలన కలిగే భారం ఉష్ణభారం, పంచమీ తత్పురుషం. ‘ఋణభారం’, ‘సంసారభారం’ అనేటప్పుడు తూకానికి వచ్చే బరువును ఎవరూ తలచుకోరు. శాస్త్రపరంగానూ ఈ మాట పొసగుతుంది. ఉక్కు కడ్డీని స్వేచ్ఛగా వదిలి అంతటా సమంగా వేడిచేస్తే అది సాగుతుందే గాని దానిలో ప్రతిబలం, అంటే ఘనపదార్థం లోపల ఇంత వైశాల్యానికి ఇంత అని పుట్టే ఎదురు బలం (స్ట్రెస్), పుట్టదు. దాని రెండు కొసలనూ కదలకుండా బిగించి 50 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కిస్తే మాత్రం, బయటినుంచి ఎవరూ నొక్కకపోయినా, చదరపు మిల్లీమీటరుకు సుమారు 120 న్యూటన్ల ప్రతిబలం ఏర్పడుతుంది. మీ బహుపదార్థ నిర్మాణాలలోనైతే బిగించడం కూడా అక్కరలేదు. 100 డిగ్రీలు వేడెక్కితే మీటరు పొడవున్న అల్యూమినియం సుమారు 2.3 మిల్లీమీటర్లు, అంతే పొడవున్న ఉక్కు 1.2 మిల్లీమీటర్లు సాగుతాయి కనుక, రెంటినీ అతికినప్పుడు ఒకదాని సాగుదలను మరొకటి అడ్డుకుని ప్రతిబలాన్ని పుట్టిస్తుంది. పైగా, బిగించిన కడ్డీని లావు చేసినంత మాత్రాన ఈ ప్రతిబలం తగ్గదు. కొసల వద్ద తోపుడు మాత్రం పెరుగుతుంది. పదార్థం చేర్చి బలం పెంచుదామనుకునే రూపకర్తకు అసలు చిక్కు ఇక్కడే ఉన్నది కనుక, ఉష్ణభారాన్ని, బయటి బలాల వలన కలిగే యాంత్రిక భారంతో కలిపేయక విడిగా పేర్కొనడమే మంచిది.

నేను ఆక్షేపించేది ‘కింద’ అన్న మాటను. ప్రయోగశాలలో రోజంతా ఇంగ్లీషులో ‘అండర్ లోడ్’ అని వినే చెవికి అది సహజంగా తోచవచ్చు. కాని తెలుగులో ఎండలో నిలబడతాము, మంటకు కాగుతాము, దెబ్బకు లోనవుతాము. వీటిలో ఎక్కడా ‘కింద’ రాదు. ‘మరియు’ కూడా అనవసరమే. ‘అనుకూలీకరణ’ను ఫోన్లలో, కంప్యూటర్లలో మనకు నచ్చినట్లు అమర్చుకోవడమనే అర్థంలో ఇప్పటికే వాడుతున్నారు కాబట్టి, ఉన్నవాటిలో మేలైన రూపాన్ని రాబట్టడానికి దానిని వాడితే పాఠకుడు దారి తప్పుతాడు.

‘ఉష్ణ, యాంత్రిక భారాలకు లోనయ్యే బహుపదార్థ నిర్మాణాల ఉత్తమ రూపకల్పన’ అని మార్చండి. వ్యాసం లోపల ‘ఒత్తిడి’ అన్న ఒక్క మాటనే అన్నిటికీ వాడక, వాయువులు, ద్రవాలు గోడలను నొక్కేచోట ‘పీడనం’ అనీ, ఘనపదార్థం లోపల పుట్టేదానిని ‘ప్రతిబలం’ అనీ విడదీసి రాయండి.