బిస్మార్క్ కోటు మీద మచ్చలు, సున్నం కొట్టినట్టున్న ముఖం

జర్మన్ చిత్రకారుడు లెన్‌బాఖ్ వేసిన, జర్మనీ ఛాన్సలర్‌గా చేసిన ముసలి బిస్మార్క్ చిత్రానికి ఆయిల్‌లో నకలు వేస్తుంటే, నల్లకోటు ఆరాక మచ్చలుగా వెలిసిందనీ, ముఖం సున్నం కొట్టినట్టుందనీ అన్నారు కదండీ. రెండూ వేర్వేరు జబ్బులు.

కోటు రంగు పాడవలేదు, నూనె కిందికి ఇంకిపోయింది. ఐవరీ బ్లాక్ అనే నల్లరంగులో టర్పెంటైన్ (రంగును పల్చన చేసే ద్రావకం) ఎక్కువ పోసి, అక్రిలిక్ గెస్సో (కాన్వాస్‌కు ముందుగా వేసే పూత) మీద వేస్తే ఇలాగే అవుతుంది. వేలికి అంటనంతగా ఆరాక లిన్‌సీడ్ నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపి మచ్చల మీద గుడ్డతో పల్చగా రుద్దండి. 10 నిమిషాలాగి మిగిలిందంతా తుడిచేయాలి, లేకపోతే పసుపెక్కుతుంది. ఇలా నూనె రుద్దకుండానే మళ్లీ నలుపు పూస్తే అదీ ఇంకుతుంది. పై పొరకు బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), అల్ట్రామెరైన్ (నీలం) కలిపిన నలుపే మేలు. లోతుగా కనిపిస్తుంది, త్వరగా ఆరుతుంది కూడా.

ముఖంలో దోషం టైటానియం వైట్ అనే తెల్లరంగుది. నీడవైపు తెలుపు ముట్టుకోకండి. ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), లైట్ రెడ్ (మట్టి ఎరుపు), కాస్త రా అంబర్ (గోధుమరంగు) చాలు. మీసం, కనుబొమలు ముందు బూడిదరంగులో వేసి, వెలుగు తగిలేచోట రెండు మూడు గీతలే తెల్లగా పెట్టండి. కళ్ల కింది సంచులకు గీత గీయొద్దు, అంచు మెత్తగా కలిపేయండి.

ఫోటో చూసి వేస్తున్నానని మొహమాటపడకండి, లెన్‌బాఖే ఫోటోలు వాడుకున్నాడు. పైన వార్నిష్ పూయడానికి కనీసం 6 నెలలాగండి. నూనె గుడ్డలు మాత్రం నీళ్లలో ముంచి పారేయండి. ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి.