టెక్ సందేహాలు: సెకండ్ లైఫ్‌లో హలో అంటే ఎవరూ పలకడం లేదా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం సెకండ్ లైఫ్ గురించే. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: శాన్‌ఫ్రాన్సిస్కోలోని లిండెన్ ల్యాబ్ 2003 జూన్‌లో తెరిచిన ఆన్‌లైన్ లోకం ఇది. ఇందులో లెవెల్స్, పాయింట్లు, గెలుపోటములు ఉండవు. ఇళ్లు, వీధులు, బట్టలు దాదాపు అన్నీ అక్కడ తిరిగేవాళ్లు కట్టుకున్నవే, కుట్టుకున్నవే. చేయాల్సిన పని ఫలానా అని ఎవరూ చెప్పరు. కొత్తవాళ్లు తికమకపడేది సరిగ్గా అక్కడే.

"డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి చెబితే ఖాతా తెరిచాను సార్. రోజూ వెళ్తున్నాను. ఎదురుగా పదిమంది నిలబడి ఉంటారు. హలో అంటే ఒక్కరూ పలకరు. నేనేమైనా తప్పు చేస్తున్నానా?" – రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

మీ తప్పేమీ లేదండీ. చాలావరకు మీ హలో వాళ్లకి చేరి ఉండదు. మామూలు చాట్‌లో టైప్ చేసిన మాట 20 మీటర్ల లోపు ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. మనం చూసే చూపు, అంటే కెమెరా, మన అవతార్ (అక్కడ మనకి బదులు తిరిగే బొమ్మ) వెనక తేలుతూ ఉంటుంది కాబట్టి ముప్పై మీటర్ల అవతల ఉన్న మనిషి కూడా పక్కనే ఉన్నట్టు అనిపిస్తాడు. మినీమ్యాప్ అనే చిన్న పటం తెరిచి చూడండి, ఎవరు ఎంత దూరంలో ఉన్నారో తెలుస్తుంది. షౌట్ చేస్తే 100 మీటర్ల దాకా వెళ్తుంది గానీ, పరిచయం లేనిచోట అరిస్తే బాగోదు. నాలుగడుగులు ముందుకెళ్లి మామూలుగానే పలకరించండి.

ఇక నిలబడి ఉన్న పదిమందిలో అందరూ నిజంగా అక్కడ ఉన్నట్టు కాదు. తల వాల్చేసి నిలబడ్డ అవతార్ కనిపిస్తే, ఆ మనిషి కంప్యూటర్ ముందు నుంచి లేచి వెళ్లిపోయాడని అర్థం. ఇంకొందరు ప్రైవేట్ మెసేజ్‌లలో మునిగి ఉంటారు. వాళ్ల పెదవి కదలదు, చెయ్యి కదలదు, మనకేమో మొహం చాటేసినట్టు ఉంటుంది.

ఎవరూ చెప్పని విషయం ఇంకొకటుంది. మీరు హలో అనగానే అవతలివాళ్లు ముందు మీ ప్రొఫైల్ తెరిచి చూస్తారు. ఖాతా ఎప్పుడు తెరిచారో తేదీతో సహా అక్కడ కనిపిస్తుంది. నిన్నగాక మొన్న తెరిచిన ఖాతా, ఫొటో లేదు, ఒక్క వాక్యం లేదు అంటే, అల్లరి చేయడానికి వచ్చిన దొంగ ఖాతా ఏమోనని పాతవాళ్లు జంకుతారు. కాబట్టి ఈ రోజే రెండు వాక్యాలు రాసిపెట్టండి: బ్యాంకులో చేసి రిటైరయ్యానని, పాత పాటలో తోటపనో ఏది ఇష్టమైతే అది. ఊరు, ఫోన్ నంబరు, అసలు పేరు మాత్రం వద్దు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు గడియారం. అక్కడి కార్యక్రమాలన్నీ అమెరికా పశ్చిమ తీరపు టైమ్ ప్రకారమే ప్రకటిస్తారు. దాన్నే ఎస్‌ఎల్‌టీ, అంటే సెకండ్ లైఫ్ టైమ్ అంటారు. అక్కడి వేసవి వేళల్లో మనం పన్నెండున్నర గంటలు ముందుంటాం, చలికాలంలో పదమూడున్నర. శనివారం రాత్రి 7కి పాట కచేరీ అని ఉంటే అది మనకి ఆదివారం పొద్దున 7:30, చలికాలమైతే 8:30. మీరు రోజూ మధ్యాహ్నం భోజనం చేసి ఒంటిగంటకి వెళ్తున్నారనుకోండి, అమెరికాలో అర్ధరాత్రి దాటుతూ ఉంటుంది, యూరప్‌లో జనం ఆఫీసులకి బయల్దేరుతూ ఉంటారు. ఊరంతా ఖాళీగా కనిపించడంలో వింతేముంది? మీకు ఆదివారం ఉదయం మంచిది. మామూలు రోజుల్లో రాత్రి భోజనాల వేళ ప్రయత్నించండి, అప్పుడు యూరప్ వాళ్లు మెల్లగా వస్తుంటారు.

ఎక్కడికి వెళ్లాలంటే, నేనైతే కాలెడాన్ ఆక్స్‌బ్రిడ్జ్ అంటాను. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండ్‌లా, ఆవిరి యంత్రాలతో కట్టుకున్న కాలెడాన్ అనే ప్రాంతంలో ఉన్న ఉచిత బడి అది. నడక, కెమెరా, బట్టలు మార్చుకోవడం ఇలా ఒక్కొక్క మెట్టూ బోర్డుల సాయంతో నేర్చుకుంటూ వెళ్లొచ్చు. దారిలో వాలంటీర్లు తగులుతారు, అడిగితే ఓపిగ్గా చెబుతారు. వీలైనన్ని చోట్లు చూసెయ్యాలని ఆరాటపడకండి. నచ్చిన ఒక్క చోటుని ల్యాండ్‌మార్క్‌గా, అంటే మళ్లీ నేరుగా వెళ్లేందుకు గుర్తుగా దాచుకుని, వరసగా అదే వేళకి అక్కడికే వెళ్లండి. రెండోసారి కనిపించిన మొహాన్ని జనం వాళ్లంతట వాళ్లే పలకరిస్తారు.

"ఉచితంగా చీర దొరికిందని తీసుకున్నాను. వేసుకోమంటే చేతికి అట్టపెట్టె అంటుకుంది. దాంతోనే ఊరంతా తిరిగాను. నవ్వుకుంటున్నారేమో!" – టీచర్, హనుమకొండ

నవ్వుకోరు మేడమ్, అక్కడున్న ప్రతి పాత కాపూ ఒకప్పుడు ఆ పెట్టెతో తిరిగినవారే. కొన్న వస్తువు పెట్టెలో వస్తుంది. ఈ మధ్య వచ్చే పెట్టెలు చేతికి తగిలించుకుని దానిమీద క్లిక్ చేస్తే వాటంతటవే విప్పుకుని, బట్టలు మీ ఇన్వెంటరీలో, అంటే మీ సామాన్లన్నీ ఉండే చోట, ఒక ఫోల్డర్‌గా చేరతాయి. పాత రకం పెట్టెల్ని నేలమీద పెట్టి తెరవాలి. ఎక్కడపడితే అక్కడ పెట్టనివ్వరు కాబట్టి శాండ్‌బాక్స్ అనే ఖాళీ స్థలాలు ఉంటాయి, అక్కడికి వెళ్లండి. పని అయ్యాక పెట్టెని మళ్లీ మీ ఇన్వెంటరీలోకి తీసేసుకోవడం మర్యాద.

చీర వేసుకునేటప్పుడు రెండు మాటలు కనిపిస్తాయి: వేర్, యాడ్. వేర్ నొక్కితే ఆ స్థానంలో అప్పటికే ఉన్నది ఊడిపోతుంది. జుట్టు ఊడి నున్నటి గుండు మిగిలేది ఇందువల్లే. యాడ్ నొక్కితే ఉన్నది ఉండగానే కొత్తది చేరుతుంది. ఎప్పుడూ యాడ్ అలవాటు చేసుకోండి. అప్పటికీ చీరలోంచి భుజాలు పొడుచుకొస్తే, అది మీ శరీరం కోసం కుట్టిన చీర కాదన్నమాట. అక్కడ అవతార్ శరీరాలు కూడా రకరకాల కంపెనీలవి ఉంటాయి. మెష్ బట్టలు, అంటే త్రీడీ ఆకారంలో చేసినవి, ఏ కంపెనీ శరీరానికి చేస్తే దానికే అతుకుతాయి. కొనేముందు డెమో ఉంటుంది, దాదాపు ఉచితం, వేసి చూసుకోండి.

"చాలా ఏళ్లుగా సెకండ్ లైఫ్‌లో ఉన్నాను. కొత్తగా వచ్చే తెలుగువాళ్లకి, ముఖ్యంగా పెద్దవాళ్లకి సాయం చేయాలనుంది. ల్యాండ్‌మార్కులు, ఉచిత బట్టలు, సూచనలు రాసిన నోట్‌కార్డులు కలిపి పెద్ద కిట్ తయారుచేశాను. ఇస్తే థాంక్స్ అంటారు, మళ్లీ కనిపించరు. ఎక్కడ పొరపాటు?" – సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, న్యూజెర్సీ

కిట్టే పొరపాటండీ. ఫోల్డర్లు తెరవడమే రాని మనిషి చేతిలో నలభై ఫోల్డర్లు పెడితే కొత్త ఊళ్లో బస్సు దిగినవాడి నెత్తిన మూటలు పెట్టినట్టే. మీరు మంచి మనసుతో ఇచ్చారు, కాదనను. కానీ మొదటి గంటలో వాళ్లకి కావాల్సింది వస్తువులు కావు.

ఒకప్పుడు ఈ పనికి లిండెన్ ల్యాబే మెంటర్లనే వాలంటీర్ల దళాన్ని నడిపింది. 2009 చివర్లో దాన్ని ఆపేశాక ఆ బరువు ఎక్కువగా జనం సొంతంగా నడిపే స్వాగత కేంద్రాల మీదా, సహాయ గ్రూపుల మీదా పడింది. కంపెనీకి సొంతంగా వెల్‌కమ్ హబ్ ఉంది, బాగానే కట్టారు. కానీ బోర్డు చదివి నేర్చుకోవడం వేరు, పక్కన ఒక మనిషి నిలబడి "ఆగండి, తొందరేం లేదు" అనడం వేరు. మీరు చేయగలిగేది ఆ రెండోది.

మొదట ఎందుకొచ్చారో అడగండి. పాటలు వినడానికా, ఇల్లు కట్టడానికా, మనవరాలు చెబితే చూద్దామనా? జవాబుని బట్టి దారి మారుతుంది. పాట కోసం వచ్చినావిడకి ప్రిమ్‌లతో (అక్కడ ఇటుకల్లా వాడే దిమ్మెలు) గోడ కట్టడం నేర్పితే రేపు రారు.

తర్వాత కెమెరా. నడక కన్నా ముందు ఇదే నేర్పాలని నా గట్టి అభిప్రాయం. ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని మౌస్‌తో దేనిమీదైనా క్లిక్ చేసి జరిపితే చూపు దాని చుట్టూ తిరుగుతుంది, దగ్గరికి వెళ్తుంది. ఎస్కేప్ కొడితే చూపు మళ్లీ మన వెనక్కి వచ్చేస్తుంది. ఈ రెండూ వచ్చాయంటే అవతార్‌ని కదపకుండా గోడమీది బోర్డు చదవొచ్చు, అంగడిలో చీర అంచు చూడొచ్చు. ఇవి రానివాళ్లు ప్రతిదానికీ నడుచుకుంటూ వెళ్లి గోడలకి గుద్దుకుని, విసుగొచ్చి కంప్యూటర్ కట్టేస్తారు. ఒక పూటకి కెమెరా, కుర్చీలో కూర్చోవడం, లేవడం చాలు. బట్టల సంగతి రేపు.

పెద్దవాళ్లు టైపింగ్‌లో నెమ్మది. మీరు ప్రశ్న వేసి, జవాబు రాలేదని మరో మూడు వాక్యాలు పంపేస్తే, వాళ్లు మొదటి ప్రశ్నకి కొడుతున్న జవాబు చెరిపేసుకుని మళ్లీ మొదలుపెడతారు. అవతార్ చేతులు గాల్లో టైప్ చేస్తున్నట్టు కదులుతున్నాయేమో చూడండి, కదులుతుంటే ఆగండి. మైక్ ఉంటే వాయిస్‌లో తెలుగులోనే మాట్లాడండి. "ఎడమవైపు పైనున్న బొమ్మ నొక్కండి అమ్మా" అని చెవిలో వినపడితే సగం భయం పోతుంది. అయితే తెర పంచుకోమని, పాస్‌వర్డ్ చెబితే నేనే సరిచేస్తానని మాత్రం ఎప్పుడూ అనకండి. అది అలవాటైతే రేపు ఎవడో మోసగాడు అడిగినా చెప్పేస్తారు.

అవతార్ మీద వ్యాఖ్యానాలు వద్దు. "ఇంకా ఇదే వేసుకుని తిరుగుతున్నారా" అన్న ఒక్క మాట చాలు, మనిషి ముడుచుకుపోవడానికి. మంచి మెష్ శరీరానికి కొన్ని వేల లిండెన్ డాలర్లు (అక్కడ చెల్లే డబ్బు) అవుతాయి. ఒక అమెరికన్ డాలర్‌కి సుమారు 250 లిండెన్ డాలర్లు వస్తాయి కాబట్టి అది రూపాయల్లో చిన్న ఖర్చేమీ కాదు. లిండెన్ ల్యాబ్ 2023లో ఇచ్చిన సెన్రా అవతార్లు ఉచితం, శుభ్రంగా ఉంటాయి, మొదటి నెలలకి అవి చాలు.

వెళ్లేముందు స్నేహితుల జాబితాలో చేర్చుకోండి. మీ వస్తువుల్ని మార్చే అనుమతి మాత్రం ఇటూ వద్దు, అటూ వద్దు. మిగతా కిట్ మొత్తానికి బదులు ఒకే ఒక్క ల్యాండ్‌మార్క్ ఇచ్చి, "ఎల్లుండి పొద్దున 8కి ఇక్కడే ఉంటాను, మన టైమే" అని చెప్పండి. చెప్పినట్టు ఉండండి. మీకు అది శుక్రవారం రాత్రో శనివారం రాత్రో అయ్యేట్టు చూసుకుంటే ఇబ్బంది ఉండదు.

"మనుషులంతా పొగమేఘాల్లా, గోడలన్నీ బూడిద రంగులో కనిపిస్తున్నాయి. పాత లాప్‌టాప్. వదిలేయాలా?" – డిగ్రీ విద్యార్థి, అనంతపురం

వదిలేయనక్కర్లేదు. ఇక్కడి బొమ్మలేవీ ముందుగా మీ డిస్కులో ఉండవు, వెళ్లిన ప్రతిచోటా అప్పటికప్పుడు ఇంటర్నెట్ నుంచి దిగుతాయి. బూడిద రంగంటే ఇంకా దిగుతున్నాయని. సర్వర్లు అమెరికాలో ఉన్నాయి కాబట్టి మనకి కాస్త ఆలస్యం తప్పదు. టెలిపోర్ట్ అయ్యాక, అంటే ఒకచోటు నుంచి ఇంకోచోటికి ఒక్కసారిగా చేరాక, ఒక నిమిషం కదలకుండా ఆగండి. ప్రిఫరెన్సెస్‌లో డ్రా డిస్టెన్స్‌ని (ఎంత దూరం దాకా బొమ్మలు కనిపించాలన్నది) 64 మీటర్లకి తగ్గించండి, నీడలు ఆపేయండి, అవతార్ కాంప్లెక్సిటీని, అంటే ఎదుటి అవతార్లని ఎంత వివరంగా గీయాలన్నదాన్ని తగ్గించండి. కొందరు ఒకే రంగు పూసిన బొమ్మల్లా కనిపిస్తారు, కనిపించనివ్వండి. మీ అవతారే మేఘంలా ఉండిపోతే కంట్రోల్, ఆల్ట్, ఆర్ కలిపి నొక్కండి. కిక్కిరిసిన క్లబ్బులకి మాత్రం ఆ లాప్‌టాప్‌తో వెళ్లకండి.

"ఒక వస్తువు మీద క్లిక్ చేస్తే నా ఖాతాలోంచి లిండెన్ డాలర్లు తీసుకోవడానికి అనుమతి అడిగింది. ఇవ్వొచ్చా?" – గృహిణి, బెంగళూరు

ఇవ్వకండి. మీరు ఏదైనా కొనేటప్పుడు మీరే పే నొక్కి డబ్బు కడతారు, దానికి ఈ అనుమతితో పనిలేదు. ఇది వేరు. ఒక్కసారి ఒప్పుకున్నారంటే ఆ వస్తువు మళ్లీ అడక్కుండానే డబ్బు తీసుకోగలదు. అక్కడ దుకాణం, అద్దె ఇళ్లు నడిపేవాళ్లకి సొంత యంత్రాల కోసం కావాలి గానీ, కొత్తగా వచ్చినవాళ్లకి ఇది అవసరమయ్యే సందర్భమే ఉండదు. పొరపాటున ఒప్పుకుని ఉంటే ఆ వస్తువు ఒంటిమీద ఉన్నా, నేలమీద ఉన్నా వెంటనే తీసేయండి, పాస్‌వర్డ్ మార్చండి, సపోర్టుకి రాయండి.

మెసేజ్‌లో వచ్చిన లింకు మార్కెట్‌ప్లేస్‌లా (సెకండ్ లైఫ్ వస్తువులు అమ్మే వెబ్‌సైట్) ఉన్నా, అందులో లాగిన్ అవ్వమంటే మూసేయండి. ఖాతాకి రెండంచెల భద్రత పెట్టుకునే వీలుంది, పెట్టేసుకోండి.

"మా అబ్బాయికి పద్నాలుగు. ఆడుకోనివ్వొచ్చా?" – నెల్లూరు నుంచి ఒక తల్లి

వద్దండి. 16, 17 ఏళ్లవాళ్లకే జనరల్ అని గుర్తున్న ప్రాంతాల్లోకి మాత్రం అనుమతి. మోడరేట్, అడల్ట్ ప్రాంతాలకి 18 నిండాలి. అక్కడి జనంలో ఎక్కువమంది పెద్దవాళ్లే, మాటలూ అలాగే ఉంటాయి. వయసు అబద్ధం చెప్పి ఇప్పటికే ఖాతా తెరిచి ఉంటే, దగ్గర కూర్చుని మూయించండి.