ఆ ఊళ్లో ఆయనకి ఊపిరాడుతుంది, మరి నాకు?

ప్రశ్న (ఉత్తరం కుదించి ఇస్తున్నాం): నా వయసు 38. పెళ్లై పద్నాలుగేళ్లు. ఇద్దరం పెద్ద నగరంలో ఉద్యోగాలు చేస్తున్నాం. బాబుకి పన్నెండేళ్లు. అత్తగారు మా దగ్గరే ఉంటారు. పోయినేడాది ఆవిడకి పక్షవాతం కొద్దిగా వచ్చి తగ్గింది. మావారికి ఆఫీసుకి రానూపోనూ రోజుకి మూడున్నర గంటలు పడుతుంది. ఇప్పుడు వాళ్ల కంపెనీ ఒక చిన్న నగరంలోని బ్రాంచికి వెళ్తారా అని అడిగింది. జీతం ఇప్పుడున్నదే. ఆయన అక్క, అంటే మా వదిన, ఆ ఊళ్లోనే ఉంటారు. వాళ్ల పైపోర్షన్ ఖాళీగా ఉందని, అద్దె కూడా వద్దని అంటున్నారు. ఆయనా అత్తగారూ వెళ్లిపోదామనే పట్టు మీదున్నారు. "ఇక్కడ నేను బతకట్లేదు, ప్రయాణం చేస్తున్నాను" అంటారాయన. నాకేమో ఆ ఊరి పేరెత్తితేనే టెన్షన్. నా ఉద్యోగం ఏమవుతుందో తెలీదు. అక్కడ ఎవరికీ తెలియకుండా ఏడవడానికి కూడా చోటుండదు. లాభనష్టాలు రాసి చూశాను, మీకూ పంపిస్తున్నాను. లాభాలు తొమ్మిది, నష్టాలు ఏడు వచ్చాయి. అంటే వెళ్లాలనేనా? నెలాఖరులోగా జవాబు చెప్పాలట.

జవాబు: మీ పట్టిక చూశాను. అందులో తప్పు రాసినదేమీ లేదు. ట్రాఫిక్ తక్కువ, ఇంటి ఖర్చు తక్కువ, బడి దగ్గర, గాలి నయం, అవసరానికి పది మంది వస్తారు. అటు చూస్తే ఉద్యోగాలు తక్కువ, పెద్ద డాక్టర్లు తక్కువ, మన సంగతి ఊరందరికీ కావాలి. చిన్న నగరం గురించి ఎవరు రాసినా దాదాపు ఇవే రాస్తారు. కానీ తొమ్మిదిలోంచి ఏడు తీసేసి మిగిలిన రెండు లాభమని లెక్క కట్టడం మాత్రం కుదరదు.

ఒక పని చేయండి. ఒక్కో వరుస పక్కన అది ఎవరి లాభమో, ఎవరి నష్టమో పేరు రాయండి. నేను రాసి చూశాను. తొమ్మిది లాభాల్లో అయిదు మీవారివి, రెండు మీ అత్తగారివి, ఒకటి బాబుది, ఇంటి ఖర్చు తగ్గడం అందరిదీ. ఏడు నష్టాల్లో అయిదు మీవే. మీ ఇంట్లో గొడవంతా ఇక్కడుంది. ఊరు మంచిదా కాదా అన్నది పక్కన పెట్టండి. సుఖం ఒకరికి, దాని ఖర్చు ఇంకొకరికి పడుతోంది. మీకు పడుతున్న ఆ ఖర్చు గురించి ఇంతవరకు మీ ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదు, మీతో సహా. "నాకు ఆ ఊరు నచ్చదు" అని ఊరుకున్నారు. అలా అంటే ఆయనకి మొండితనంలాగే వినిపిస్తుంది.

మీవారి బాధని మాత్రం తక్కువ చేయకండి. రోజూ మూడున్నర గంటలు రోడ్డు మీద గడిపే మనిషి ఇంటికొచ్చి చిరాకు పడితే అది గుణం అనుకుంటాం. చాలాసార్లు అది అలసటే. బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టట్జర్ అనే ఆర్థికవేత్తలు జర్మనీలో ఏళ్ల తరబడి సేకరించిన సర్వేలు చూసి 2008లో ఒక సంగతి రాశారు. ప్రయాణం ఎక్కువున్న వాళ్లకి జీవితం మీద తృప్తి తక్కువగా ఉంటోంది, మంచి జీతమో మంచి ఇల్లో ఆ లోటుని పూర్తిగా పూడ్చట్లేదు. జీతం తగ్గకుండా ఆ ప్రయాణం తప్పుతుందంటే ఆయన ఎగిరి గంతేయడంలో వింతేముంది?

అయితే ఆయన సమస్య ప్రయాణం. చిన్న నగరం దానికి ఒక మందు, అదొక్కటే మందు కాదు. ఇప్పుడున్న నగరంలోనే ఆయన ఆఫీసు దగ్గరికి ఇల్లు మారడం గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అలా మారితే మీ ప్రయాణం పెరుగుతుందేమో. ఎంత పెరుగుతుందో చూశారా? ఇద్దరూ సగం సగం భరించే చోటు ఉండొచ్చు. అది కుదరదని తేలాకే ఊరు మారే మాట ఎత్తడం న్యాయం.

ఇంకో సంగతి. ఊరు మారడం గురించి ఆలోచించేటప్పుడు మనందరం ఒకే బొమ్మ పట్టుకుని కూర్చుంటాం. సాయంత్రం అయిదున్నరకే ఇంటికొచ్చి బాబుతో ఆడుకుంటున్నట్టు ఆయనకి కనిపిస్తోంది. వదిన మెట్లెక్కి వస్తున్న చప్పుడు మీకు వినిపిస్తోంది. రెండూ నిజమే కావచ్చు, కానీ అవి రోజులో కాసేపే. డేవిడ్ ష్కేడ్, డేనియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1998లో అమెరికా విద్యార్థుల మీద ఒక అధ్యయనం చేశారు. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లు ఎక్కువ ఆనందంగా ఉంటారని అక్కడివాళ్లూ అన్నారు, మధ్య పశ్చిమ రాష్ట్రాల వాళ్లూ అన్నారు. తీరా ఎవరి జీవితం గురించి వాళ్లని అడిగితే తృప్తిలో పెద్ద తేడా లేదు. వాతావరణం ఒక్కటే కళ్లముందు పెట్టుకుని మిగతా బతుకంతా మరిచిపోయారన్నమాట. అందుకని మీ ఇద్దరి బొమ్మలూ కాసేపు పక్కన పెట్టి, ఓ మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో పొద్దున్నించి రాత్రి దాకా చెప్పుకోండి. ఎవరు ఎన్నింటికి లేస్తారు, బాబుని ఎవరు దింపుతారు, అత్తగారి మందులు ఎవరు చూస్తారు, మీరు ఏ గదిలో కూర్చుని పని చేస్తారు. ఆయనకి మిగిలే మూడు గంటలు ఇంటిపనికి వస్తాయా, టీవీకి పోతాయా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఇక మీ ఉద్యోగం. "చూసుకుందాంలే, ఏదో ఒకటి దొరుకుతుంది" అని ఆయన అన్నారని రాశారు. నాకు అన్నిటికన్నా కష్టంగా తోచిన వాక్యం అదే. చిన్న నగరంలో ఒక ఉద్యోగం దొరకదని కాదు, రెండోది దొరకదు. మొదటి చోట బాసుతో పడకపోయినా, జీతం ఆలస్యమైనా, మానేసి వెళ్లడానికి ఇంకో గుమ్మం ఉండదు. జీతమూ తగ్గుతుంది. ఊరి జనాభా రెట్టింపైతే తలసరి జీతాలు సుమారు 10 శాతం ఎక్కువగా ఉంటాయని లూయిస్ బెటెన్‌కోర్, జెఫ్రీ వెస్ట్ వాళ్ల బృందం 2007లో లెక్క తేల్చింది. మీవారు పెద్ద నగరం జీతాన్ని వెంట తీసుకెళ్తున్నారు. మీరు వెతుక్కునేది మాత్రం ఆ ఊరి జీతానికి.

పరిచయాల సంగతీ అంతే. సమాజ శాస్త్రజ్ఞుడు మార్క్ గ్రానోవెటర్ 1973లో చెప్పిన విషయం ఉద్యోగం వెతుక్కున్న ప్రతివాళ్లకీ అనుభవమే. కొత్త ఉద్యోగం కబురు ప్రాణ స్నేహితుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల దగ్గర్నుంచే ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే వాళ్లు మనకి తెలియని చోట్ల తిరుగుతుంటారు. చిన్న ఊళ్లో అందరూ అందరికీ తెలుసు. అది గుండెకి బలమే, కానీ కొత్త కబురు రావాలంటే బయట నుంచి రావాలి. అందుకని వెళ్లినా సరే, ఇక్కడి ఆఫీసు స్నేహాలు, మీ రంగం వాళ్ల గ్రూపులు వదులుకోకండి. ఇంటి నుంచి పని చేస్తానని మీ మేనేజరుని అడిగితే "పర్లేదు, చూద్దాం" అన్నారని రాశారు. నోటిమాట సరిపోదు. ఆ మేనేజరు రేపు బదిలీ అయితే ఆ మాటా ఆయనతోపాటే పోతుంది. కంపెనీ ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి, కనీసం ఎంతకాలమో అందులో ఉండాలి. వాళ్లు రాసివ్వం అంటే జీతం లేని సెలవు అడగండి. రాజీనామా మాత్రం మొదటి ఏడాది రాయొద్దు.

"ఎవరికీ తెలియకుండా ఏడవడానికి చోటుండదు" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగాను. మీరు భయపడేది నిజంగా ఉంటుంది. పొద్దున తలనొప్పి మాత్ర కొనుక్కుంటే సాయంత్రానికి "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని ఫోన్ వస్తుంది. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలన్నా చిన్న నగరాల్లో జనం వెనకాడేది ఇందుకే. ఫీజుకి కాదు, ఆ మెట్లెక్కుతుంటే ఎవరైనా చూస్తారని. నేనూ కౌన్సెలర్‌నే, చాలామంది నన్ను వీడియో కాల్‌లోనే కలుస్తారు. కొందరు ఇంట్లో మాట బయటికి పోతుందని మేడ మీదికెళ్లి మాట్లాడతారు. కాబట్టి మీది అనవసరపు భయమని చెప్పను.

కానీ మీ ఉత్తరంలోనే ఇంకో చోట ఒక సంగతి రాశారు. అత్తగారు పడిపోయిన రాత్రి మీవారు ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉన్నారు. ఎదురింటి తలుపు కొట్టడానికి చెయ్యెత్తి, వాళ్లని ఏమని పిలవాలో తెలియక ఆగిపోయానన్నారు. ఆరేళ్లుగా ఎదురెదురు ఇళ్లు! ఎవరూ మనల్ని పట్టించుకోకపోవడం పెద్ద నగరంలో సుఖమే. ఆ సుఖానికి మీరు ఏం చెల్లించారో ఆ రాత్రి మీకే తెలిసింది. చిన్న నగరంలో ఆరాలు తీసే నోళ్లే ఆటోలో కూడా ఎక్కించి పంపుతాయి, పక్కన కూర్చుంటాయి. ఒకటి వదిలి ఒకటి తీసుకోవడం కుదరదు. కానీ ఎంత దగ్గరికి రానివ్వాలో కొంతవరకు మన చేతిలో ఉంటుంది.

ఆ కొంతవరకు అన్నది ఇంటితో మొదలవుతుంది. వదిన గారి పైపోర్షన్‌కి మాత్రం వెళ్లకండి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. ఆవిడ మంచివారే, మీరూ అలాగే రాశారు. మంచివాళ్లయితే ఇంకా కష్టం, ఎదురు చెప్పలేం. అద్దె కట్టని ఇంట్లో తలుపు గడియ మీ చేతిలో ఉండదు. నడిచి వెళ్లగలిగేంత దూరంలో, కానీ మీ గుమ్మం ఆవిడకి కనపడనంత దూరంలో అద్దె ఇల్లు చూసుకోండి. ఈ మాట వదినకి చెప్పాల్సింది మీరు కాదు, మీవారు. "నాకే విడిగా ఉండాలనుంది అక్కా" అని ఆయన నోటితో చెప్పాలి. ఆ మాట చెప్పడానికి ఆయన తటపటాయిస్తే, వెళ్లాక మీ పరిస్థితి ఏమిటో మీకు ఇప్పుడే అర్థమైపోతుంది.

అత్తగారి విషయంలో ఆసుపత్రి దగ్గరా దూరమా అని మాత్రమే చూస్తే సరిపోదు. రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చే పక్షవాతానికి గడ్డ కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇవ్వాలి, ముందుగా స్కాన్ తీసి మెదడులో రక్తస్రావం లేదని చూడాలి. పెద్ద నగరంలో ఆ టైమంతా ట్రాఫిక్‌లో కరిగిపోవచ్చు. చిన్న నగరంలో పది నిమిషాల్లో చేరతారు, చేరాక స్కాన్ తీసే మనిషి రాత్రి డ్యూటీలో లేకపోవచ్చు. వెళ్లి అడగండి. అర్ధరాత్రి స్కాన్ తీస్తారా, న్యూరాలజిస్టు ఉన్నారా, లేకపోతే ఎక్కడికి పంపుతారు, అక్కడికి అంబులెన్సులో ఎంతసేపు. వదిన గారికి తెలిసిన డాక్టరు ఉన్నారన్నది దీనికి జవాబు కాదు.

నాలుగు పేజీలు రాశారు గానీ బాబు ఏమనుకుంటున్నాడో ఒక్క వాక్యం లేదు. అడిగారా? పన్నెండేళ్ల పిల్లాడికి ఊరంటే తన ముగ్గురు నలుగురు ఫ్రెండ్సే. చిన్నప్పుడు మాటిమాటికీ ఇళ్లు మారిన పిల్లల్లో, ముఖ్యంగా నలుగురిలో కలవలేని స్వభావం ఉన్నవాళ్లు పెద్దయ్యాక కొంత ఇబ్బంది పడతారని అధ్యయనాలు చెబుతున్నాయి. ఒక్కసారి మారడం అంత ప్రమాదమేమీ కాదు. కానీ వెళ్లి కుదరక తిరిగి వచ్చి, మళ్లీ వెళ్లడం మాత్రం వద్దు. వెళ్లాలనుకుంటే వచ్చే ఏడాదిలోపే వెళ్లడం మంచిది, పెద్ద పరీక్షల ముందు కాదు. వాడికి సైకిల్ మీద ఒంటరిగా బడికి వెళ్లే స్వేచ్ఛ దొరకొచ్చు. చెస్సో సంగీతమో నేర్చుకుంటుంటే మంచి గురువు దొరక్కపోవచ్చు. రెండూ వాడితోనే చెప్పండి.

ఇవన్నీ విన్నాక మీకు నా అభిప్రాయం కావాలంటే: మీ ఉద్యోగం కాగితం మీద ఖాయమై, ఇల్లు విడిగా దొరికి, ఆసుపత్రి జవాబు తృప్తిగా ఉంటే రెండేళ్లకని వెళ్లండి. ఇక్కడి సొంత ఫ్లాటు అమ్మకండి, అద్దెకివ్వండి. రెండేళ్లయ్యాక ఉండాలా రావాలా అన్నది మీ మాట మీద నిర్ణయమవ్వాలి, ఎందుకంటే ఈసారి ఆయన మాట మీద వెళ్తున్నారు. ఈ ఒప్పందం ఇప్పుడే, అత్తగారి ముందే జరగాలి. వెళ్లేముందు పండగలూ సెలవులూ లేని ఓ వారం మీరిద్దరూ బాబూ అక్కడ ఉండి చూడండి, వదిన ఇంట్లో మాత్రం కాదు. మీరు అక్కడి నుంచే మీ ఆఫీసు పని చేయండి. నెట్ ఎలా ఉందో, కరెంటు ఎలా ఉందో, మీ మనసు ఎలా ఉందో తెలుస్తుంది.

ఉద్యోగం, ఇల్లు, ఆసుపత్రి, ఈ మూడింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా వద్దనండి. మూడున్నర గంటల సమస్య అప్పుడూ అలాగే ఉంటుంది కాబట్టి, వద్దన్న రోజే ఆఫీసు దగ్గరికి ఇల్లు మారే పని మొదలెట్టాలి. అందులో మీకు ఇష్టమైన ఈ పేట, మీ నడక దారి పోవచ్చు. అక్కడ వదులుకోవడం మీ వంతు.

నెలాఖరు గడువన్నారు. మీ ఆఫీసు హెచ్ఆర్‌కి రేపు పొద్దున్నే మెయిల్ పెట్టండి, వాళ్లు తేల్చడానికే పది రోజులు తీసుకుంటారు. ఆలోగా మీవారి చేత వాళ్ల కంపెనీని గడువు రెండు వారాలు పొడిగించమని అడిగించండి. బదిలీ చేయాలనుకున్న వాళ్లు సాధారణంగా ఆ మాత్రం ఆగుతారు.